గాలిలో మంట, నేల మీద మొదలు



రెండో ప్రపంచ యుద్ధం నాటి ఏరోడ్రోమ్ ఉన్న ఊరు మీ దొనకొండ. అక్కడ మళ్లీ విమానాలు దిగాలని మీరు ఏళ్ల తరబడి కోరుకుంటున్నారు. ఆ రోజు వస్తే ముందు వరసలో కూర్చున్న ఈ విద్యార్థుల్లో కొందరు మెకానిక్‌లవుతారు, కొందరు లోడర్లవుతారు, మిగిలినవాళ్లు ప్రయాణికులవుతారు. గాల్లో విమానానికి మంట అంటుకోకుండా చూసే పని ఈ ముగ్గురిదీ. ఈ సాయంత్రం మీకు చెప్పదలచుకున్నది అదే.

1976 అక్టోబర్ 12. అర్ధరాత్రి దాటింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ కారవెల్ విమానం బొంబాయి శాంతాక్రూజ్ నుంచి మద్రాసుకు బయల్దేరింది. ప్రయాణికులు 89 మంది, సిబ్బంది ఆరుగురు. మలయాళ నటి రాణీచంద్ర కూడా అందులో ఉన్నారు. పైకి లేచిన కాసేపటికే ఒక ఇంజిన్ దెబ్బతింది. పైలట్లు వెంటనే వెనక్కి తిప్పారు. రన్‌వే దగ్గరపడుతుండగా ముక్కు ఒక్కసారిగా కిందికి వాలి విమానం కూలిపోయింది. 95 మందిలో ఒక్కరూ దక్కలేదు.

కారవెల్‌కు రెండు ఇంజిన్లు. ఒకటి ఆగినా రెండోదానితో దిగొచ్చు. మరి ఎందుకు కూలింది? ఇంజిన్‌లో గాలిని నొక్కి లోపలికి పంపే కంప్రెసర్ ఉంటుంది. దాని రెక్కలను పట్టి ఉంచే లోహపు చక్రాన్ని డిస్క్ అంటారు. అది నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. కట్టుతీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి పుటుక్కున తెగుతుంది కదా, లోహం అలసట అంటే అదే. కంప్రెసర్ వరసల్లో పదోదాని డిస్క్‌లో అలాంటి పగులు పెరిగి, అది ముక్కలైంది. ఆ ముక్కలు కవచాన్ని చీల్చుకుని ఇంధన గొట్టాన్ని కోశాయి. మంట రేగింది. హైడ్రాలిక్ ద్రవం ఆ మంటకు ఆహుతైపోయింది. పైలట్ చేతి కదలికకు బలమిచ్చి తోకకు, రెక్కలకు ఉన్న పలకలను కదిలించేది ఆ ద్రవమే. అది పోయాక ఎంత నేర్పరి అయినా చేసేదేమీ ఉండదు.

ఆ పగులును పట్టుకునే చోటు వర్క్‌షాప్. భాగాన్ని శుభ్రంగా కడిగి, మెరిసే రంగు ద్రవం పూస్తారు. పగులుంటే ద్రవం అందులోకి ఇంకుతుంది. పైపైన తుడిచి, పొడి చల్లి, చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెడతారు. మామూలు కంటికి ఆనని పగులు ఆకుపచ్చ గీతలా వెలుగుతుంది. రాత్రి డ్యూటీలో నిద్ర కమ్ముకొస్తున్నా ప్రతి అంగుళం చూసి సంతకం పెట్టే మనిషి మీద వంద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

క్షేమంగా దిగినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. 1980 ఆగస్టు 19న రియాద్‌లో సౌదియా 163 విమానం సామాన్ల గదిలో మంటతోనే వెనక్కి తిరిగి రన్‌వే మీద దిగింది. వెంటనే ఆపి జనాన్ని దించకుండా ఇంకా ముందుకు నడిపారు. ఆగాక కూడా ఇంజిన్లు మూడు నిమిషాలకు పైగా తిరుగుతూనే ఉన్నాయి. బయటివాళ్లు తలుపు తెరిచేసరికి లోపలున్న 301 మందీ పొగకు, మంటకు బలైపోయారు. పొగ పీల్చిన మనిషి మంట తనను చేరేలోపే కూలిపోతాడు.

ఇప్పుడు ప్రమాదం మన జేబుల్లోకే వచ్చింది. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లో యూపీఎస్ సరుకు విమానం కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. సరుకులో మంట రేగింది. అందులో లిథియం బ్యాటరీలున్నాయి. మన ఫోన్లలో, పవర్ బ్యాంకుల్లో ఉండేవీ అవే. పొగకు ఎదుట ఉన్న మీటర్లు కూడా కనిపించని స్థితిలో వాళ్లు విమానం నడిపారు. పవర్ బ్యాంకును చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టనివ్వకపోవడానికి కారణం ఇదే. చేతి సంచిలో ఉంటే పొగ రాగానే సిబ్బంది చూసి ఆర్పగలరు. సామాన్ల గదిలో రాజుకుంటే చేరుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

గల్ఫ్‌కో, హైదరాబాద్‌కో వెళ్లే మీ పిల్లలకు ఈ మాట చెప్పండి. సంచిలో ఏముందని కౌంటర్‌లో అడిగితే నిజం చెప్పమనండి. పొగ వాసన తగిలితే మొహమాటపడకుండా సిబ్బందిని పిలవమనండి. దిగి పరుగెత్తాల్సి వస్తే పై అరలో సామాను వదిలేసి పొమ్మనండి. ఇక్కడి విద్యార్థుల్లో ఎవరైనా ఈ వృత్తిలోకి వస్తే, చూడని భాగానికి చూశానని సంతకం పెట్టకండి. పై అధికారి తొందరపెట్టినా సరే, పెట్టకండి.