విశ్వవిద్యాలయమునకు తరలు వేళ

1926లో స్థాపితమై, నేడు విశాఖ సాగరతీరమున విలసిల్లుచున్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో నూతనముగా ప్రవేశించు విద్యార్థులతో రెండు మాటలు.

అచటి గాలి తేమగాలి. కావున మార్కుల జాబితాలు, టీసీ, కుల, ఆదాయ ధ్రువపత్రములు ప్లాస్టిక్ కవరులో భద్రపఱచి, ఒక్కొక్కదానికి నాలుగైదు జిరాక్సులు తీయించి, అసలు పత్రములను తాళము వేసిన పెట్టెలో నుంచుకొనవలెను. కార్యాలయమున అసలు పత్రమిచ్చినచో రసీదు పుచ్చుకొనుడు. రసీదు లేనిదే కదలకుడు.

సామాను మితముగా నుండనిండు. బకెట్టు, దుప్పటి, కంచము చాలును. తక్కినవి అచట దొరకును.

తొలివారము ఇంటిమీద బెంగ కలుగుట సహజము; అది దౌర్బల్యము కాదు. గదిలో ఒంటరిగా కూర్చుండక, తోటివారితో కలిసి భుజింపుడు. సీనియర్లలో సహాయము చేయువారే పెక్కుమంది. అయినను ఎవరైన ర్యాగింగునకు పూనుకొన్నచో మౌనము వహింపకుడు. 1997 నుండి మన రాష్ట్రమున దానిని నిషేధించు ప్రత్యేక చట్టమున్నది. ఆ రాత్రియే వార్డెనుకు తెలుపుడు. ఇంటికి ఫోను చేయుడు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ అట్టి మాట చెప్పినప్పుడు, "సర్దుకొనుము" అనక, ఓపికతో ఆలకింపుడు. ఇక చదువు మాట: విద్యార్థులారా, విశ్వవిద్యాలయమందలి డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయమున సభ్యత్వము మాత్రము మొదటివారమే తీసికొనుడు.