నిప్పులార్పే ఉద్యోగం నుంచి మేయరు కుర్చీకి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

కెనడాలో నేను అద్దెకుంటున్న ఊరి మేయరు గురించి నాలుగు మాటలు చెబుతాను. ఊరు బర్నబీ. వాంకూవర్‌ను ఆనుకునే ఉంటుంది, 2021 లెక్కల్లో జనాభా 2 లక్షల 49 వేలు. మేయరు మైక్ హర్లీ ఉత్తర ఐర్లండ్ నుంచి వలస వచ్చి, ఆ ఊళ్లోనే దాదాపు 30 ఏళ్లు ఫైర్ డిపార్ట్‌మెంటులో పనిచేశారు. వాళ్ల సంఘానికి అధ్యక్షులుగానూ ఉన్నారు.

2018లో స్వతంత్రుడిగా నిలబడి, 2002 నుంచి మేయరుగా ఉన్న డెరెక్ కారిగన్‌ను ఓడించారు. ప్రధాన కారణం అద్దె ఇళ్లు. మెట్రోటౌన్‌లో స్కైట్రైన్ స్టేషను చుట్టుపక్కల పాత అపార్ట్‌మెంట్లు కూలగొట్టి టవర్లు కడుతుంటే, ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు పెట్టేబేడా సర్దుకోవలసి వచ్చింది. ఆ అద్దెకు ఆ దరిదాపుల్లో మరో ఇల్లు దొరకదు.

హర్లీ వచ్చాక నిబంధన మారింది. కూల్చిన బిల్డరే కొత్త భవనంలో పాత అద్దెకు, ఏటా చట్టం ఒప్పుకునే పెంపు మాత్రం కలిపి, ఇల్లివ్వాలి. అంతవరకు బయట అద్దె ఎక్కువైతే ఆ తేడా కూడా బిల్డరే భరించాలి. నాకు నచ్చింది ఈ రెండో ముక్క. టవరు లేచేసరికి ఏళ్లు పడుతుంది, అన్నాళ్లూ తేడా ఎవరు కట్టాలన్నదే అద్దెకున్నవాడి అసలు బాధ.

2022లో ఆయన ఎన్నిక ఏకగ్రీవం. మన పంచాయతీ వేలంపాటలు గుర్తొచ్చి నవ్వకండి, నిజంగానే పోటీకి ఎవరూ రాలేదు.

ఒక్కచోట ఊరి మాట చెల్లలేదు. బర్నబీ కొండ మీద యూనివర్సిటీ, వాలులో చమురు ట్యాంకులు. వాటిని 13 నుంచి 26 చేస్తే ప్రమాదమని ఊరి ఫైర్ డిపార్ట్‌మెంటే హెచ్చరించింది. పైప్‌లైను కేంద్ర ప్రభుత్వానిది. 2024లో కొత్త లైను మొదలైంది.