ఇంటిపేరు వెంట పూర్వుల జాడ
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కోవిల్‌పట్టి, విరుదునగరు ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న మన కుటుంబములలో "మీ పెద్దలు ఎట్లు వచ్చిరి?" అని యడిగినచో సమాధానము వెంటనే వచ్చును. ఏటి యొడ్డున కానుగచెట్టు వంగి దారి యిచ్చినదనియు, దానిమీదుగా మనవారు దాటి దక్షిణమునకు వచ్చిరనియు పలువురు చెప్పుదురు. "మీ ముత్తాత తండ్రి పేరేమి?" అని యడిగినచో మాత్రము చాలమంది ఊరకుందురు.

ఆ కథలను మేము తక్కువ చేయుట లేదు. కోవిల్‌పట్టి చెంత ఇడైచెవలులో జన్మించిన కి. రాజనారాయణన్ గారు అట్టి వలస జ్ఞాపకములనే ఆధారము చేసికొని 'గోపల్ల గ్రామం' అను తమిళ నవలను 1976లో వెలయించిరి. అయినను నవల వంశవృక్షము కాజాలదు. మధుర నాయక రాజుల కాలమునుండి కొందరు సైనికులుగా, కొందరు నల్లరేగడి సేద్యమునకు, కొందరు వర్తకమునకు వేర్వేరు కాలములలో వచ్చిరి. కావున అందరి కథయు నొక్కటి కాదు. మనము నేటినుండి వెనుకకు, ఒక్కొక్క తరముగా వెదకవలెను.

పూర్వులు చిక్కకపోవుటకు మొదటి కారణము ఇంటిపేరు మరుగుపడుటయే. ఇక్కడి వాడుకను బట్టి పేరుకు ముందు తండ్రిపేరి తొలి యక్షరము వ్రాయుదుము. దస్తావేజులలో నాయక్కరు, నాయుడు, రెడ్డియారు అను బిరుదులు నిలిచినవి. ఇంటిపేరు పెండ్లిమాటలనాడు మాత్రమే నోట వినబడుచున్నది. తాతపేరు మనుమనికి పెట్టుటచే ఒకే యూర ఒకే పేరుగలవారు పలువురు కనబడుదురు. తమిళ లిపిలో క, గ లకు ఒకే యక్షరము; త, ద లకును అంతే. గద్దెవారు కత్తెవారుగా చదువబడిన నాశ్చర్యము లేదు.

రెండవ చిక్కు కాలగణనము. 'కీలక సంవత్సరము' అని మాత్రమే యున్నచో అది 1788 కావచ్చును, 1848 కావచ్చును, 1908 కావచ్చును. తిరునెల్వేలి సీమ పాత పత్రములలో కొల్లము సంవత్సరమును వాడుకలో నుండెను. కొల్లము సంఖ్యకు 824 గాని 825 గాని కలిపిన క్రీస్తు శకము వచ్చును. కీలకతోపాటు కొల్లము 1024 అని యున్నచో అది 1848-49 అని నిశ్చయింపవచ్చును.

మూడవది జిల్లాల మార్పు. సాత్తూరు, శ్రీవిల్లిపుత్తూరు తాలూకాలు 1910లో తిరునెల్వేలినుండి రామనాథపురము జిల్లాకు మారినవి. విరుదునగరు జిల్లా 1985లో వేరైనది. కోవిల్‌పట్టి 1986 వరకు తిరునెల్వేలి జిల్లాలోనిదే. కావున 1910కి పూర్వపు పత్రము కొరకు రామనాథపురపు దస్త్రములను మాత్రమే వెదకి నిరాశ చెందరాదు. ఇనాము భూములున్న కుటుంబములవారు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ దస్త్రాగారమున 1860 ప్రాంతపు ఇనాము రిజిస్టర్లను చూడవలెను. భూమి క్రయపత్రములలో తండ్రిపేరు, ఊరు సామాన్యముగా నుండును. మెకంజీ సేకరింపించిన పాలెగాండ్ర వంశచరిత్రలును చెన్నైలో గలవు. కాని ఆధారము లేక ఏ పాలెగాని వంశమునకో మనలను ముడివేసికొనుట గౌరవము కాదు. మడకపట్టిన ముత్తాత నిజమైన పేరు దొరకుటయే గౌరవము.

అన్నిటికంటె ముందుగా చూడవలసిన దస్త్రములు మన యిండ్లలోనే యున్నవి. అవి మన అవ్వల జ్ఞాపకములు. తమ పుట్టినింటివారి ఇంటిపేరు, అత్తగారి పుట్టినింటి పేరు, ఎవరికెవరు వరుస యగుదురో వారికి తెలిసినట్లు మరెవరికిని తెలియదు. ఆడపడుచుల పేర్లు వంశావళులలో అరుదు. వారి నోట మాత్రము అవి సజీవముగా నున్నవి. శివరాత్రికి ఇలవేల్పు గుడియొద్ద దాయాదులు కూడునప్పుడు వరి వసూలు పుస్తకము నడిగి చూడుడు. పాత పుటలలో చెల్లించినవారి పేర్లు వరుసగా నుండును.

విన్నది విన్నట్లు, చెప్పినవారి పేరుతో, తేదీతో వ్రాసికొనుడు. కథను కథగాను, పత్రమును పత్రముగాను వేరుంచుడు. తెలుగు లిపి రాని పిల్లలు తమిళ లిపిలోనే వ్రాయుదురు గాక. తెలుగు చదువనేర్చిన పెద్దలు పక్కన ఇంటిపేరును సరిగా వ్రాసి యీయవలెను. దస్త్రాగారములోని కాగితము వచ్చే యేటికిని ఉండును. ఎనుబది దాటిన అవ్వ మాట అట్లు కాదు. కావున ఈ వారమే ఆమెయొద్ద కూర్చుండి అడుగుడని మా మనవి.