ప్రేమ ఔలియాలకు, సజ్దా అల్లాహ్‌కే

సకల స్తోత్రాలు సర్వలోకాల పోషకుడైన అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై, వారి కుటుంబంపై, సహచరులందరిపై అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!



జిల్‌ఖాదా మాసం వచ్చిందంటే తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల నుండి ఎన్నో కుటుంబాలు గుల్బర్గాకు ప్రయాణం కడతాయి. ఆ మాసం 15వ తేదీన సందల్‌తో హజ్రత్ ఖాజా బందానవాజ్ గేసూదరాజ్ (రహ్మతుల్లాహి అలైహి) వారి ఉర్సు మొదలవుతుంది. నేడు కలబురగి అని పిలిచే ఆ ఊరు ఒకప్పుడు నిజాం సంస్థానంలో మనతో కలిసి ఉండేది. అందుకే ఆ దర్గా మన ఇళ్లలో పరాయి ఊరి సంగతిగా ఎన్నడూ లేదు. పిల్లలకు ఆ మహనీయుని పేరు పెట్టుకున్నవారు మనలో ఎందరో ఉన్నారు. కనుక ఔలియాలను ప్రేమించడమంటే ఏమిటో, ఆ ప్రేమకు హద్దు ఎక్కడో నేడు ఆలోచిద్దాం.

ముందుగా ఆ మహనీయుని జీవితాన్ని చూడండి. గుల్బర్గా 1347లో బహమనీ సుల్తానుల రాజధాని అయింది. తొలి సుల్తానులు గౌరవించిన హజ్రత్ షేఖ్ సిరాజుద్దీన్ జునైదీ (రహ్మతుల్లాహి అలైహి) వారి సమాధి ఆ ఊరిలోనే షేఖ్ రోజా అన్న పేరుతో ఉంది. వారి తరువాతి తరంలో వచ్చినవారు బందానవాజ్. వారు 1321లో ఢిల్లీలో జన్మించి, బాల్యంలో కొంతకాలం దౌలతాబాద్‌లో గడిపి, తిరిగి ఢిల్లీ చేరి, హజ్రత్ నసీరుద్దీన్ చిరాగ్ దెహ్లవీ (రహ్మతుల్లాహి అలైహి) వారి శిష్యులయ్యారు. 1398లో తైమూర్ దండయాత్రతో ఢిల్లీ అల్లకల్లోలమైనప్పుడు వారికి డెబ్బై ఏడేళ్లు. ఆ వయసులో ఇల్లూ ఊరూ విడిచి, గుజరాత్ మీదుగా దక్కనుకు తరలివచ్చారు. సుల్తాన్ ఫీరోజ్ షా బహమనీ కాలంలో, సుమారు 1400 నాటికి గుల్బర్గా చేరారు.

సర్వం వదులుకొని వచ్చిన ఆ వృద్ధుడు ఏం చేశారు? చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఖుర్ఆన్ వ్యాఖ్యానం, హదీసు, ఆధ్యాత్మిక శాస్త్రం బోధించారు. అరబీ, పారశీ భాషల్లో గ్రంథాలు రచించారు. షరీఅత్‌ను విడిచిన ఆధ్యాత్మికతను వారు అంగీకరించలేదు. మొదట ఆదరించిన సుల్తానే తరువాత వారిపట్ల విముఖుడయ్యాడని, కోట సమీపం నుండి నివాసం మార్చుకోవలసి వచ్చిందని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. రాజు మెప్పు పోయిందని వారి బోధన ఆగలేదు. హిజ్రీ 825, జిల్‌ఖాదా 16న, అనగా 1422 నవంబరులో, నూరేళ్లు దాటిన వయసులో వారు పరమపదించారు. అదే సంవత్సరం ఫీరోజ్ షా కూడా మరణించాడు. ఆరువందల ఏళ్ల తరువాత జనం ఎవరి సమాధి వద్దకు తరలివెళుతున్నారో మీకు తెలుసు.

సోదరులారా! వలీ అంటే అల్లాహ్‌కు సన్నిహితుడు. అటువంటివారికి భయం గానీ దుఃఖం గానీ ఉండవని యూనుస్ సూరా 62వ ఆయతు తెలుపుతోంది. మరి వారెవరు? వెంటనే 63వ ఆయతు సమాధానమిస్తుంది: విశ్వసించి, దైవభీతితో జీవించినవారు. అక్కడ వంశం ప్రస్తావన లేదు, మహిమల ప్రస్తావన లేదు. విశ్వాసం, దైవభీతి, ఈ రెండే గుర్తులు. అంటే ఆ ద్వారం మన కోసం కూడా తెరిచే ఉంది.

ఉర్సు అనే అరబీ పదానికి వివాహవేడుక అని అర్థం. సత్కర్మలు చేసిన విశ్వాసిని సమాధిలో నవవరుడిలా నిద్రించమని దైవదూతలు చెబుతారని తిర్మిజీ హదీసులో ఉంది. దాసుడు తన ప్రభువును చేరుకున్న దినం కనుక దానికి ఆ పేరు వచ్చింది. కాబట్టి ఆ దినం మనల్ని అడిగే ప్రశ్న ఒక్కటే: నీవు నీ ప్రభువును చేరుకునే రోజుకు ఏం సిద్ధం చేసుకున్నావు?

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మొదట సమాధుల సందర్శనను వారించి, తరువాత అనుమతించారు. అది పరలోకాన్ని గుర్తుచేస్తుందన్నదే అందుకు కారణం. మృతులకు సలాం చెప్పడం, వారి మన్నింపు కోసం దుఆ చేయడం వారు నేర్పిన పద్ధతి. అదే సమయంలో, తన సమాధిని ఉత్సవ స్థలంగా చేయవద్దని, ఎక్కడ నుండి పంపినా దరూద్ తనకు అందుతుందని కూడా హెచ్చరించారు.

హజ్రత్ ఖైస్ బిన్ సాద్ (రజియల్లాహు అన్హు) హీరా నగరంలో ప్రజలు తమ అధిపతికి సాష్టాంగపడటం చూశారు. మదీనాకు వచ్చి, అటువంటి గౌరవానికి తమరే ఎక్కువ అర్హులని ప్రవక్తతో అన్నారు. అప్పుడు ప్రవక్త ఒక ప్రశ్న వేశారు: రేపు నీవు నా సమాధి పక్కగా వెళితే దానికి సజ్దా చేస్తావా? చేయనని ఖైస్ జవాబిచ్చారు. అలాగైతే ఇప్పుడూ చేయవద్దని ప్రవక్త ఆదేశించారు. సృష్టిలో శ్రేష్ఠులైన ప్రవక్తే అంగీకరించని సజ్దాను మరే సమాధి ముందు, మరే గడప ముందు చేయగలం? బందానవాజ్ జీవితాంతం అల్లాహ్ ముందే నుదురు వంచారు. వారి ముందు నుదురు వంచితే వారు బోధించినదానికే ఎదురు నడిచినట్లు. పిలిచేవానికి తాను సమీపంలోనే ఉన్నానని అల్లాహ్ ఖుర్ఆన్‌లో తెలియజేశాడు. కనుక అవసరాలు ఆయననే అడగండి.

ఇంకొక మాట. జిల్‌ఖాదా నాలుగు పవిత్ర మాసాలలో ఒకటి. హజ్ యాత్రికులు బయలుదేరే కాలం. దర్గా ప్రయాణాన్ని "పేదల హజ్" అనేవారున్నారు. అది సరికాదు. స్తోమత లేనివారిపై హజ్ విధి కాదు, దానికి బదులు మరో యాత్రా విధించబడలేదు. వడ్డీకి అప్పు తెచ్చి మొక్కు చెల్లించడమైతే పుణ్యం పేరిట పాపాన్ని కొనుక్కోవడమే. ఇంట్లో పిల్లల బడి ఫీజు ఆగి ఉండగా, పొరుగింట పొయ్యి వెలగకుండా ఉండగా, ఖరీదైన చాదర్ కప్పితే ఆ మహనీయుని మనసు సంతోషిస్తుందా? వారికి చాదర్ అక్కరలేదు, చలికి వణికే అనాథకు దుప్పటి కావాలి.

అన్నిటికంటే భారమైన విషయం రోగుల సంగతి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు దగ్గరలో మానసిక రోగులను ఉంచిన ఒక షెడ్డుకు మంటలు అంటుకున్నాయి. గొలుసులతో కట్టి ఉంచిన కారణంగా వారు పారిపోలేకపోయారు. 28 మంది ప్రాణాలు కోల్పోయారు. నయమవుతుందన్న ఆశతో కన్నవారే తెచ్చి అప్పగించిన బిడ్డలు వారు. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందును సృష్టించాడని, చికిత్స చేయించుకోమని ప్రవక్త బోధించారు. మనసుకు వచ్చే జబ్బు కూడా జబ్బే. దుఆ చేయండి, దానితో పాటు వైద్యుని వద్దకూ తీసుకువెళ్లండి. హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

అయితే, దర్గాకు వెళ్లే ప్రతి సోదరుణ్ణీ ముష్రిక్ అని నిందించే హక్కు కూడా మనకు లేదు. అతని హృదయంలోని ప్రేమ నిజమైనదే కావచ్చు. దారి తప్పిన చోట మృదువుగా చెప్పాలి. ఈ వాదాలతో ఒకే వాడలో రెండు జమాత్‌లుగా చీలి, ఒకరి జనాజాకు ఒకరు వెళ్లని స్థితి వస్తే, సంతోషించేది షైతాను మాత్రమే.

మనిషి మరణించాక కూడా ఆగని కర్మలు మూడు: నిరంతర దానం, ప్రయోజనకరమైన విద్య, దుఆ చేసే మంచి సంతానం. నేడు గుల్బర్గాలో ఆ దర్గా ఆశ్రయంలో పాఠశాలలు, కళాశాలలు, వైద్య కళాశాల నడుస్తున్నాయి. 2018లో బందానవాజ్ పేరిట విశ్వవిద్యాలయం కూడా ఏర్పడింది. ఉర్సు దీపాలు తెల్లవారితే ఆరిపోతాయి, అక్కడ చదువుకున్న పిల్లవాని ఇంట వెలిగిన దీపం తరతరాలకు నిలుస్తుంది. ఈ ఏడాది ఆ మహనీయుని స్మరించదలచినవారు ఒక పేదబిడ్డ చదువు బాధ్యత తీసుకోండి. వారి జీవితచరిత్రను మీ పిల్లలకు చెప్పండి. ఫజ్ర్ నమాజుకు మస్జిదుకు రండి.

ఓ అల్లాహ్! నీ సన్నిహితుల పట్ల ప్రేమను మా హృదయాలలో నింపు. వారు నడిచిన దారిలో మమ్మల్ని నడిపించు. నీ ముందు తప్ప మరెవరి ముందూ మా నుదురు వంగకుండా కాపాడు. మా రోగులకు స్వస్థతను, రుణగ్రస్తులకు విముక్తిని, మా మధ్య ఐక్యతను ప్రసాదించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.