అద్దె పోర్షన్లు – దస్తావేజు ఎవరి పేరు మీద?

(ఏలూరులో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"నాలుగు డబ్బులు కూడాయి, రెండు పోర్షన్లు వేసి అద్దెకిస్తే ఎలా ఉంటుందండీ?" అని సంఘాల్లో చాలామంది అడుగుతున్నారట. రిటైరైన టీచర్లు, గల్ఫులో ఇంటిపని చేసి తిరిగొచ్చిన ఆడవాళ్ళు నన్నూ ఇదే అడుగుతారు. నేను లాయర్ని కాను. అద్దెలు వసూలు చేసుకునే ఇంటి యజమానిని, అంతకుముందు పాతికేళ్ళు అద్దె కట్టినదాన్ని.

ముందు మా అమ్మ సంగతి చెప్తాను. పవర్‌పేటలో ఇల్లు కట్టేటప్పుడు తన నగలన్నీ అమ్మి ఇచ్చింది. దస్తావేజు మాత్రం నాన్న పేరున రాయించారు. "మనలో మనకేమిటి" అన్నారు, అమ్మా అదే అంది. నాన్న వీలునామా రాయకుండా పోయారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితం అమ్మకి, అన్నయ్యకి, నాకు, మా నాయనమ్మకి సమానంగా వచ్చింది. తన బంగారంతో లేచిన ఇంట్లో అమ్మది పావు వాటా! నాయనమ్మ పోయాక ఆవిడ వాటాలో భాగం బాబాయికి వెళ్ళింది. ఆయన నేరుగా కిందింటివాళ్ళ దగ్గరికెళ్ళి అద్దె పట్టుకుపోవడం మొదలుపెట్టాడు. నగలు అమ్మినట్టు అమ్మ దగ్గర చిన్న చీటీ కూడా లేదు.

దస్తావేజు అమ్మ పేరున ఉంటే? అదే చట్టం 14వ సెక్షన్ ప్రకారం స్త్రీ కొన్నదైనా, బహుమతిగా పొందినదైనా మామూలుగా ఆమె సంపూర్ణ ఆస్తే. ఇది హిందూ కుటుంబాల సంగతి. పిల్లలుండి భర్త వీలునామా లేకుండా పోతే క్రైస్తవ భార్యకి మూడో వంతు, ముస్లిం భార్యకి ఎనిమిదో వంతు. ఏ మతమైనా, డబ్బు మీదైతే దస్తావేజు మీ పేరునే ఉండాలి. సొమ్ము మీ బ్యాంకు ఖాతా నుంచే కదలాలి. ఇంట్లో గొడవ అవుతుందంటారా? అవుతుంది. తర్వాత కోర్టులో పడే గొడవకంటే చిన్నదే.

పుట్టింటి వాటా సంగతీ మరవకండి. మన రాష్ట్రం 1985 సెప్టెంబరు నుంచే, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. 2005 సవరణ పెళ్ళయినవాళ్ళకీ ఇచ్చింది. ఆనాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పసుపు కుంకుమల కింద చీర పెట్టించుకుని సంతకం పెట్టేసినవాళ్ళు మనలో ఎంతమంది!

ఇక లెక్క. ఇరవై లక్షలు పెట్టి రెండు పోర్షన్లు వేశారు, ఒక్కోటి ఐదు వేల అద్దె అనుకుందాం. ఏడాదికి లక్షా ఇరవై వేలు. ఇంటి పన్ను, సున్నాలు, మోటారు రిపేరు, మధ్యలో ఖాళీగా ఉన్న నెలలు తీసేస్తే తొంభై ఐదు వేలు మిగులుతాయి. మన వడ్డీ భాషలో చెప్పాలంటే నూటికి నెలకి నలభై పైసలు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కడితే ఏమవుతుందో మీరే చూసుకోండి. సొంత స్థలం ఉండి, అప్పు తక్కువగా ఉంటేనే దిగమంటాను.

తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్.ఐ.టి. వచ్చాక పిల్లలకి గదులు వేద్దామని చాలామంది ఆశపడ్డారు. కాలేజీకి హాస్టళ్ళుంటాయి, సెలవులుంటాయి. 2020 లాక్‌డౌన్‌లో విద్యార్థుల గదులు ఖాళీ అయిపోయాయి. ఒక్క కాలేజీని నమ్ముకుని గోడలు లేపకండి. సంసారాలకీ పనికొచ్చేలా వంటిల్లు పెట్టి కట్టండి.

స్థలం ఎండాకాలంలో చూసి మురిసిపోవద్దు. ఏలూరులో తమ్మిలేరు పొంగితే నీళ్ళెక్కడిదాకా వస్తాయో ఆ వీధిలో పాచిపనికెళ్ళే ఆవిణ్ణి అడగండి, బ్రోకరుకంటే బాగా చెప్తుంది. కొల్లేరు పక్క ఇంకా జాగ్రత్త. అక్కడ అద్దె అంటే చేపల చెరువు లీజే. ఐదో కాంటూరు వరకూ 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అక్కడి చెరువుల గట్లు తెగ్గొట్టారు. లీజు సొమ్ము ముందే ఇచ్చినవాళ్ళు ఎవర్నడగాలి? కాంటూరు లోపలా బయటా అన్నది సర్వే నంబరుతో తేల్చుకోండి. డి ఫారం పట్టా భూమైతే 1977 చట్టమూ దాని తర్వాతి సవరణలూ తెలిసినవాళ్ళని అడగనిదే అడ్వాన్సు ఇవ్వొద్దు. ఎక్కడైనా సరే ఈ.సి., లింకు డాక్యుమెంట్లు చూడాల్సిందే.

అద్దెకిచ్చేటప్పుడు, "పదకొండు నెలలకి రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అని దస్తావేజు లేఖరులు ఇప్పటికీ చెప్తుంటారు. 1999లో మన రాష్ట్రం రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి ఆ వెసులుబాటు తీసేసింది. అద్దె ముట్టినట్టు ప్రతి నెలా మీ సంతకంతో రసీదు ఇవ్వండి. అది వాళ్ళకీ రక్షణ, మీదే ఇల్లని మీకూ సాక్ష్యం. ఖాళీ చేయించాలంటే నోటీసు, కోర్టు ఉన్నాయి. కరెంటు పీకేసి, నీళ్ళు కట్టేసి వెళ్ళగొట్టడం మనం చేయకూడదు.

ఇంకొక్క మాట, కొంచెం కటువుగా. భర్తని వదిలి వచ్చి బిడ్డతో గది వెతుక్కుంటూ ఈ ఊళ్ళో నేను పదకొండు గడపలెక్కాను. "ఒంటరి ఆడదానికి ఇవ్వం" అని తొమ్మిది చోట్ల చెప్పారు, రెండు చోట్ల కులం అడిగారు. చెప్పినవాళ్ళలో ఎక్కువమంది ఇంటి ఆడవాళ్ళే. ఇప్పుడు మీరు ఇంటివాళ్ళవుతున్నారు. మా రెండు పోర్షన్లలో ఒకదాంట్లో ఒంటరిగా ఉండే నర్సమ్మ ఉంటోంది, ఆరేళ్ళయింది. అద్దె ఒక్క నెలా ఆలస్యం చేయలేదు. మొన్న వచ్చే నెల ఖాళీ చేస్తానంది, బదిలీ అయిందట. ఆ గది కావలసినవాళ్ళు మీకు తెలిసి ఎవరైనా ఉంటే మీటింగయ్యాక చెప్పండి.