కుందేలును అడగాల్సిన ప్రశ్న

 

పట్టాలు అందుకున్న విద్యార్థులారా, మీలో చాలామంది రేపు ప్రయోగశాలల్లో జంతువులతో పనిచేయబోతున్నారు. అందుకే కలరా గుట్టు విప్పిన కలకత్తా పాథాలజిస్టు శంభునాథ్ దే గారి గురించి చెప్పాలనుకుంటున్నాను.

1884లో శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా రోగుల పేగుల నుంచి ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవిని వేరుచేశాడు. కానీ మనిషికొచ్చే కలరాను అచ్చంగా ఏ జంతువులోనూ చూపించలేకపోయాడు. తర్వాతివాళ్లు సూక్ష్మజీవులను జంతువుల రక్తంలోకి, పొట్టలోకి ఎక్కించి చూశారు. జంతువు చచ్చిపోయేది, కలరా మాత్రం కనిపించేది కాదు. అలా దాదాపు డెబ్బై ఏళ్లు గడిచాయి.

దే గారు ప్రశ్ననే మార్చారు. కుందేలుకు కలరా రావాలని ఆయన పట్టుబట్టలేదు. కలరాలో పేగుకు ఏమవుతుందో తెలిస్తే చాలనుకున్నారు. కుందేలు పొట్ట తెరిచి, చిన్నపేగును రెండుచోట్ల దారంతో బిగించి కట్టి, ఆ మధ్యభాగంలోకి కలరా సూక్ష్మజీవులను ఎక్కించారు. మర్నాటికి ఆ భాగం ఉబ్బిపోయి, బియ్యం కడిగిన నీళ్లలాంటి ద్రవంతో నిండిపోయింది. సూక్ష్మజీవులు వేయకుండా కట్టిన పేగుభాగం మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఇది 1953లో ప్రచురితమైంది. 1959లో 'నేచర్' పత్రికలో ఇంకో అడుగు ముందుకేశారు. సూక్ష్మజీవులు పెరిగిన ద్రవం నుంచి వాటిని వడకట్టి తీసేసి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే పేగులోకి ఎక్కించారు. అయినా పేగు ఉబ్బింది! విషం సూక్ష్మజీవి ఒంట్లోనే దాగి ఉంటుందని, అది చచ్చాకే బయటపడుతుందని అప్పటిదాకా చాలామంది నమ్మేవారు. అది బతికుండగానే విషాన్ని బయటికి వదులుతుందని, ఆ విషమే పేగులోకి నీళ్లు లాగుతుందని తేలింది. ఇంత చేసిన మనిషి దేశంలో పెద్ద గౌరవమేదీ అందుకోకుండానే 1985లో కన్నుమూశారు. అది మనందరికీ తలవంపు.

అయితే ప్రతి జబ్బుకూ ఇలాంటి కుందేలు దొరకదు. టైఫాయిడ్ సూక్ష్మజీవి మామూలు చిట్టెలుకకు ఆ జబ్బు తేలేదు. దాని దగ్గరి చుట్టం టైఫిమ్యూరియాన్ని ఎలుకలకిచ్చి ఎంతో నేర్చుకున్నాం, నిజమే. కానీ హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ టీకా నిజంగా కాపాడుతుందా అని తేల్చడానికి ఆక్స్‌ఫర్డ్‌లో మనుషులే ముందుకొచ్చారు. టీకా వేయించుకుని, టైఫాయిడ్ సూక్ష్మజీవులను తెలిసి తెలిసి తాగారు. ఆ ఫలితాలు 2017లో వచ్చాయి. వాళ్ల ధైర్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మీరు జంతువులు కావాలని ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టే రోజు వస్తుంది. ఎన్ని కావాలో రాయడానికి ముందు, మీ ప్రశ్నలో ఏ భాగానికి ఆ జంతువు జవాబు చెప్పగలదో, ఏ భాగానికి చెప్పలేదో రాయండి. ఆ రెండో వాక్యం రాయలేకపోతే దరఖాస్తు పక్కన పెట్టి, ముందు మీ గైడుతో కూర్చుని మాట్లాడండి.