తోలు లేని మ్రోత
(తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)



మన బాలబాలికలు నేడు కంప్యూటరు ముందు గూర్చుండి, డ్రమ్ము లేకయే డ్రమ్ము మ్రోత పుట్టించుచున్నారు. చూచువారి కది కాలహరణముగా దోచును. మీటలు త్రిప్పినంత మాత్రమున సంగీత మబ్బునా యని పెద్దలు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. సమాధానము చెప్పుటకు ముందు ఆ మ్రోత యెట్లు పుట్టునో మనము తెలిసికొనవలెను. కిక్ డ్రమ్మును ఉదాహరణముగా గైకొందము.

పాశ్చాత్య వాద్యబృందములలో కాలితో త్రొక్కి వాయించు పెద్ద డ్రమ్మునకు కిక్ డ్రమ్మని పేరు. దాని దెబ్బను చెవియొగ్గి వినినచో మూడంశములు తెలియును. మెత్తని సుత్తి తగిలిన క్షణమున "టక్" మను చప్పుడు. వెంటనే పైనుండి క్రిందికి జారు శ్రుతి. పిమ్మట "ధుమ్" మని మెల్లగా నడగు మంద్రనాదము. దెబ్బకు చర్మము మరింత బిగిసి, మరల సడలుటచేత శ్రుతి యట్లు జారును.

సింథసైజరులో ఈ మూడింటిని వేర్వేరుగా కల్పింతురు. ఆసిలేటరు అను భాగము విద్యుత్తును క్రమముగా నూగించును. ఆ యూగుటయే స్వరమగును. కిక్ కొఱకు నునుపైన సైన్ తరంగమును దీసికొని సెకనుకు సుమారు 50 కంపనములకు నిలుపుదురు. ఇంతమాత్రమున నది మూలుగువలె నుండును గాని దెబ్బవలె నుండదు. కావున కాలక్రమమున హెచ్చుతగ్గులను నిర్ణయించు ఎన్వలప్‌ను చేర్తురు. ఒక ఎన్వలప్ శ్రుతిని 200 లేక 300 కంపనముల కడ మొదలిడి, సెకనులో ఇరువదవ వంతు లోపల 50కి దింపును. మరియొకటి ధ్వనిబలమును క్షణములో నెత్తి, సుమారు అరసెకనులో శూన్యము చేయును. తుదకు కొన్ని మిల్లీసెకనుల రొద చేర్చిన "టక్" మను అంచు కలుగును. శ్రుతి మెల్లగా దిగినచో మ్రోత యీలవలె జారును; మిక్కిలి త్వరగా దిగినచో టిక్కు మాత్రమే వినబడును. నడుమనున్న సరియైన చోటును గనుగొనుట చెవి పని, మీట పని కాదు.

జపానుకు చెందిన రోలాండ్ సంస్థ 1980లో టీఆర్-808 యంత్రమును వెలువరించెను. అందలి కిక్‌లో తోలు డ్రమ్ము రికార్డింగు లేదు. గంటను కొట్టినట్లు ఒక విద్యుద్వలయమునకు చిన్న తాకుడు నిచ్చిన, అది కొంతసేపూగి తనంత నడగును. నిజమైన డ్రమ్మును పోలలేదని పలువురు పెదవి విఱచిరి. 1983లో తయారీ నిలిచెను. కాని పాత యంత్రములను చౌకగా గొన్న యువకులు ఆ నాదమునే హిప్ హాప్ సంగీతమునకు పునాది చేసిరి.

మన దేశమున నీ విచారణ క్రొత్తది కాదు. సామాన్యమైన చర్మమున తొలి యుపస్వరము మూలస్వరమునకు సుమారు 1.59 రెట్లుండును; అనగా శ్రుతి కలియదు. మృదంగము నడిమి నల్లని పూత ఉపస్వరములను పూర్ణసంఖ్యల రెట్లకు దెచ్చునని సర్ సి. వి. రామన్ 1920లోను, 1934లోను ప్రకటించిన వ్యాసములలో వివరించిరి. పూత దిద్దు చేతికిని, మీట త్రిప్పు చేతికిని పని యొక్కటియే, నాదమును సవరించుట.

అయినను రెండు హెచ్చరికలు మేము చేయవలసియున్నవి. ఇతరులు చేసియుంచిన మ్రోతలను మీట నొక్కి తెచ్చుకొనుట విద్య కాదు. రెండవది చెవికి సంబంధించినది. ఫోను స్పీకరు 50 కంపనముల మంద్రమును వినిపింపజాలదు. చాలలేదని బాలుడు ధ్వనిని పెంచును. హెడ్‌ఫోను తగిలించినపుడు ఆ బలమంతయు చెవిలోనే పడును. లోచెవిలోని సూక్ష్మరోమకణములు నశించిన మరల మొలవవు. ధ్వనిని పెంచుటకు మారుగా తరంగమును ఒకింత వంచిన ఉపస్వరములు చేరును. వానిని విని చెవి లేని మంద్రమునుగూడ నూహించుకొనును.

కావున మేము కోరునది యిది. పిల్లవాడు మీటల ముందున్నపుడు ప్రక్కన గూర్చుండి, టక్కు ఎక్కడ, జారుడు ఎక్కడ, ధుమ్ము ఎక్కడ నని యడుగుడు. వేలు పెట్టి చూపినచో నది చదువే, కూర్చుండనిండు. చూపలేనిచో యంత్రము నార్పించి, ముందొక నిజమైన మద్దెలను వినిపింపుడు.